క్వాంటమ్ హీలింగ్ శిబిరంలో చెప్పిన ఫిజిక్స్‌లో నిజమెంత?

ప్రశ్న క్లుప్తంగా: అడిగినవారిది విశాఖ సీతమ్మధార. వాళ్ళమ్మగారు బీచ్ రోడ్డులో ఒక హోటల్లో జరిగిన రెండు రోజుల "క్వాంటమ్ హీలింగ్" శిబిరానికి వెళ్ళొచ్చారు. చూసేవారి మనసు వల్లే కణం దారి మార్చుకుంటుందనీ, ఎంటాంగిల్‌మెంట్ (దూరంగా ఉన్న కణాల మధ్య ఉండే ముడి) ఉంది కాబట్టి ఫొటో చూసి దూరం నుంచే వైద్యం చెయ్యొచ్చనీ అక్కడ చెప్పారట. చేతిలో రాడ్ పెట్టి ఒక యంత్రంతో ముప్పై పేజీల రిపోర్టు తీశారు. "స్కేలార్ ఎనర్జీ" పెండెంట్ ఒకటి అమ్మారు. ఇప్పుడు లెవెల్ 2కి డబ్బు కట్టమంటున్నారు, అందులో ఆరా (ఒంటి చుట్టూ ఉంటుందని వాళ్ళు చెప్పే వెలుగు) ఫొటో కూడా తీస్తారట. అమ్మగారికి షుగర్ ఉంది. ఇందులో సైన్స్ ఎంత, ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి అని అడుగుతున్నారు.

సూటిగా జవాబు: వాళ్ళు పేరు చెప్పిన ప్రయోగాలు నిజంగా జరిగినవే. వాటి నుంచి లాగిన తీర్మానాల్లో ఒక్కటీ నిలబడదు. లెవెల్ 2కి కట్టకండి. షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా ఆపనివ్వకండి. పెండెంట్ మాత్రం ఇవాళే మెడలోంచి తీయించండి. దాని కారణం కింద వివరంగా రాస్తాను. అదీ ఫిజిక్సే, కాకపోతే వాళ్ళు చెప్పిన ఫిజిక్స్ కాదు.

ముందు రెండు చీలికల ప్రయోగం చూద్దాం. ఇలాంటి శిబిరాలన్నీ దాని మీదే నిలబడతాయి. రెండు దారులున్న అమరికలోకి ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా పంపుతారు. ఒక్కో ఎలక్ట్రాన్ తెర మీద ఒక్కో చుక్క పెడుతుంది. 1989లో జపాన్‌లో హిటాచీ ప్రయోగశాలలో టోనోమురా బృందం తీసిన చిత్రాలు చూడండి. కొన్ని వందల చుక్కల దాకా ఏ పద్ధతీ కనిపించదు. వేలు దాటాక చారలు చారలుగా తేలుతుంది. ఏ ఎలక్ట్రాన్ ఏ దారిన వెళ్ళిందో పట్టుకునే ఏర్పాటు పెడితే ఆ చారలు పోతాయి. శిబిరంలో ఇక్కడిదాకా చెప్పింది కరెక్టే. ఆ తర్వాతి వాక్యంలోనే చెయ్యి తిప్పుతారు: "చూశాం కాబట్టి మారింది. అంటే చూపుకి శక్తి ఉంది."

ఎలక్ట్రాన్ ఎటు వెళ్ళిందో తెలియాలంటే దాన్ని ఏదో ఒకటి తాకాలి. కాంతి కణం కావచ్చు, పక్కనున్న పరమాణువు కావచ్చు. ఆ తాకిడి వల్ల దారి తాలూకు ముద్ర బయట ఎక్కడో పడుతుంది. చారలు పోవడానికి ఆ ముద్ర చాలు, దాన్ని ఎవరూ చదవక్కర్లేదు. డిటెక్టర్ ఆన్‌లో ఉంచి, కంప్యూటర్ తెర ఆపేసి, గదికి తాళం వేసి అందరూ ఇంటికెళ్ళిపోయినా చారలు తిరిగి రావు.

దీన్ని ఎంత శుభ్రంగా తేల్చారో చెప్పడానికి వియన్నా ప్రయోగం ఒక్కటి చాలు. అక్కడి బృందం 70 కార్బన్ పరమాణువులున్న ఫుల్లరీన్ అణువులతో ఇలాంటి చారలే తెప్పించింది. 2004లో వాళ్ళు చేసిందేమిటంటే, అణువులు లోపలికి వెళ్ళేముందు వాటిని లేజర్‌తో వేడెక్కించారు. వేడెక్కిన వస్తువు కాంతిని వెదజల్లుతుంది కదా. అణువు దారిలో ఉండగా విడిచిన ఆ కాంతి "నేను ఇక్కడున్నాను" అన్న సమాచారాన్ని పట్టుకుపోతుంది. వేడి పెంచుతున్నకొద్దీ చారలు మసకబారి, సుమారు 3,000 కెల్విన్ దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యాయి. ఎంత వేడికి ఎంత మసకబారాలో లెక్క వేస్తే ప్రయోగం దానికి సరిపోయింది. ఆ లెక్కలో మనసు, చైతన్యం, సంకల్పం అనే అంకె ఎక్కడా లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మనసుకి ఇందులో పాత్ర ఉందేమోనన్న ఆలోచన శిబిరాల వాళ్ళు పుట్టించింది కాదు. 1961లో భౌతిక శాస్త్రవేత్త యూజీన్ విగ్నర్ అంతటివాడు అలా వాదించాడు, ఆయన నోబెల్ గ్రహీత కూడా. తర్వాత, చుట్టూ ఉన్న పరిసరాల తాకిడితోనే ఈ చారల్లాంటి క్వాంటమ్ లక్షణాలు చెదిరిపోతాయని 1970లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త జే చూపించాక, విగ్నర్ ఆ వాదన వదిలేసుకున్నాడు. ఈ చెదరడాన్నే డీకోహెరెన్స్ అంటారు. కొలత జరిగేటప్పుడు అసలు లోపల ఏమవుతుందన్న దాని మీద ఇప్పటికీ భౌతిక శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఉన్నాయి. అయితే ఆ వాదించుకునేవాళ్ళలో "గట్టిగా అనుకుంటే ఫలితం మనకి కావలసినట్టు వస్తుంది" అనే పక్షమే లేదు. చైతన్యం వల్లే కణం ఒక స్థితికి వస్తుందని ఒప్పుకున్నా, ఏ స్థితికి రావాలో ఎంచుకునే వీలు ఎవరికీ ఉండదు. ఆ సంభావ్యతలు ముందే లెక్కగట్టి ఉంటాయి.

ఈ క్వాంటమ్ లెక్క ఎంత చిన్నదానికి వర్తిస్తుందన్నదే అసలు ప్రశ్న. శిబిరంలో ఎప్పుడూ చెప్పనిది ఇదే. క్వాంటమ్ లెక్కలన్నిటిలో ప్లాంక్ స్థిరాంకం ఉంటుంది. జూల్-సెకన్లలో దాని విలువ రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 33 సున్నాలు పెట్టి 66 వేయాలి. మధురవాడ స్టేడియంలో గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసిన 160 గ్రాముల బంతికీ తరంగ లక్షణం ఉంటుంది, కాదనం. దాని తరంగదైర్ఘ్యం ఎంతంటే, ఒక ప్రోటాన్ వెడల్పుని కోటి కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ లక్ష ముక్కలు చేస్తే వచ్చేంత. బంతి తప్పిందని ఏ బ్యాటరూ దాని మీద నెపం వెయ్యలేడు.

కణం స్థానం, వేగం రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే అనిశ్చితత్వ సూత్రమూ అంతే. పరమాణువంత చోటులో బంధించిన ఎలక్ట్రాన్ వేగంలో సెకనుకి కనీసం 580 కిలోమీటర్ల అనిశ్చితి ఉంటుంది. 60 కిలోల మనిషి స్థానాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా కచ్చితంగా కొలిచారనుకోండి. ఆ సూత్రం ప్రకారం రావలసిన అనిశ్చిత వేగంతో విశ్వం వయసంతా, అంటే 1,380 కోట్ల ఏళ్ళు జరిగినా, పరమాణువు వెడల్పులో వందో వంతు కూడా కదలరు. "ఫిజిక్సే అంతా అనిశ్చితం అంటోంది, కాబట్టి ఏదైనా సాధ్యమే" అనేవారికి చూపించాల్సింది ఈ రెండు అంకెల తేడాని.

మెదడు సంగతి వేరేగా అడుగుతారు. మెదడులో క్వాంటమ్ స్థితులు ఎంతసేపు నిలుస్తాయో 2000లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్క వేశాడు. సెకనుని పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం, లేదా అంతకన్నా బాగా తక్కువ. నాడీకణం ఒక్కసారి స్పందించడానికి పట్టేది మిల్లీసెకన్లు. ఒకదానికీ మరొకదానికీ పొంతనే లేదు. చైతన్యం మెదడులోని క్వాంటమ్ ప్రక్రియల వల్లే పుడుతుందనే పెన్‌రోజ్, హామెరాఫ్‌ల సిద్ధాంతం దీనికి భిన్నంగా వాదిస్తుంది, ఎక్కువమంది దాన్ని ఒప్పుకోరు. ఒకవేళ అదే నిజమైనా, అది మెదడు లోపల ఏం జరుగుతోందన్న సిద్ధాంతం. పెద్ద వాల్తేరులో కూర్చుని గాజువాకలో ఉన్న మోకాలి నొప్పి తగ్గించే సిద్ధాంతం కాదు.

మన దగ్గర అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలొచ్చాక క్వాంటమ్ అన్న మాట పేపర్లో రోజూ కనిపిస్తోంది, శిబిరాల వాళ్ళకి అది బాగా కలిసొచ్చింది. అక్కడ పెడతామని 2025లో ప్రకటించిన ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్‌లో 156 క్యూబిట్లు (దాని లెక్కలకి మూలమైన చిన్న భాగాలు) ఉంటాయి. ఆ రకం చిప్‌ని సంపూర్ణ శూన్య ఉష్ణోగ్రతకి డిగ్రీలో వందో వంతో, రెండు వంతులో పైన ఉంచాలి. అంత చల్లగా, అంత కట్టుదిట్టంగా ఉంచినా క్వాంటమ్ స్థితి నిలిచేది కొన్ని వందల మైక్రోసెకన్లే. 37 డిగ్రీల వేడిలో, ఉప్పునీళ్ళతో నిండిన ఒంట్లో అదే స్థితి రెండు రోజుల శిబిరంలో నేర్పిన శ్వాసతో నిలిచిపోతుందట.

జీవుల్లో క్వాంటమ్ ప్రభావాలు అసలు లేవని కూడా అనకండి, అది తప్పవుతుంది. కొన్ని ఎంజైముల్లో హైడ్రోజన్ కేంద్రకం టన్నెలింగ్ పద్ధతిలో, అంటే అడ్డంకిని ఎక్కే శక్తి లేకున్నా దాని గుండా, దూకడం బాగా నిరూపితమైన విషయం. కొన్ని పక్షులు భూ అయస్కాంత క్షేత్రాన్ని కనిపెట్టడంలో ఎలక్ట్రాన్‌కుండే స్పిన్ అనే క్వాంటమ్ గుణానికి పాత్ర ఉందన్న దాని మీద గట్టి పరిశోధనే నడుస్తోంది. ఇవన్నీ ఒక్కో అణువు లోపల, సెకనులో అతి చిన్న భాగంలో జరిగేవి.

ఫొటో వైద్యం, ఎంటాంగిల్‌మెంట్. 2022 నోబెల్ ఆస్పే, క్లౌసర్, జైలింగర్‌లకి వచ్చింది దీనికే కాబట్టి "నోబెల్ వచ్చిన సైన్స్" అని చెబుతారు. వచ్చింది, నిజమే. ఏం తేలిందో చూడండి. ఒకే మూలం నుంచి పుట్టిన రెండు ఫోటాన్లని రెండు చోట్ల కొలిస్తే, ఒక్కోచోట వచ్చే ఫలితం పూర్తిగా యాదృచ్ఛికం. ఒక చోట కూర్చున్నవాళ్ళకి తమ ఫలితాల్లో ఏ విశేషమూ కనిపించదు. రెండు చోట్ల రాసుకున్న ఫలితాలూ ఫోన్లోనో నెట్‌లోనో పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే పొంతన బయటపడుతుంది. ఆ పొంతనని ఒక అంకెగా లెక్కగడతారు. మామూలు సంబంధం ఎంత ఉన్నా ఆ అంకె 2 దాటకూడదు, క్వాంటమ్‌లో 2.83 దాకా వెళ్తుంది. నోబెల్ ఆ 0.83కి. ఇటు ఏం చేసినా అటువైపు అంకెలు మారవు, సందేశం వెళ్ళదు, వైద్యమూ వెళ్ళదు. ఇది ఇప్పటి పరికరాలు సరిపోకపోవడం వల్ల వచ్చిన అడ్డంకి కాదు, క్వాంటమ్ సిద్ధాంతంలోంచే గణితపరంగా వచ్చే ఫలితం.

పైగా జంట కలపడానికే నానా తంటాలూ పడాలి. 2017లో చైనా మిసియస్ ఉపగ్రహం 1,200 కిలోమీటర్ల దూరంలోని రెండు కేంద్రాలకి ఇలాంటి జంటలు పంపింది. పైన సెకనుకి సుమారు 59 లక్షల జంటలు పుట్టిస్తే, కింద రెండు చోట్లా పట్టుబడింది సెకనుకి దాదాపు ఒక్క జంట. ఫోన్లో వచ్చిన వాట్సాప్ ఫొటోకీ, ఆ ఫొటోలోని మనిషికీ మధ్య ఏ కణం ఎక్కడ జంట కట్టిందో వాళ్ళనే అడగండి.

ఆలోచనా తరంగాలు, ఫ్రీక్వెన్సీలు. ఆలోచిస్తే మెదడులో విద్యుత్తు పుడుతుంది, నిజం. నెత్తి మీద ఎలక్ట్రోడ్ అతికించి కొలిస్తే పదుల మైక్రోవోల్టులు వస్తుంది. అంటే గోడ గడియారంలో వేసే సెల్‌లో ముప్పై వేలో వంతు. అయస్కాంత ప్రభావం ఇంకా తక్కువ, భూమి క్షేత్రంతో పోలిస్తే కోట్లలో ఒక వంతు. తలకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే దాన్ని పట్టుకోవాలన్నా ప్రత్యేకంగా కవచం వేసిన గది ఉండాలి, బయట లిఫ్ట్ కదిలినా కొలత పాడవుతుంది. ఆ సంకేతం విశ్వం దాకా వెళ్ళి కొత్త ఇల్లు తెచ్చిపెడుతుందని చెప్పేవాళ్ళు కనీసం పక్క గదిలో దాన్ని కొలిచి చూపించాలి.

"ఆరోగ్యవంతుడి ఫ్రీక్వెన్సీ 62 మెగాహెర్ట్జ్, తగ్గితే జబ్బు" అన్నది ఇంకోటి. ఎఫ్ఎం రేడియో నడిచేది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య. 62 దానికి దగ్గర్లోదే, కొలిచే పరికరాలు ఏ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లోనైనా ఉంటాయి. మనుషులు నిజంగా అక్కడ ప్రసారం చేస్తుంటే జగదాంబ సెంటర్‌లో రేడియో తరంగాల్ని కొలిచే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పెడితే గుట్టలు గుట్టలుగా కనపడాలి. కనపడదు. మన ఒంటి నుంచి వచ్చేది ప్రధానంగా పరారుణ కాంతి, దాని ఫ్రీక్వెన్సీ 62 మెగాహెర్ట్జ్‌కి లక్షల రెట్లు. ఇక 7.83 హెర్ట్జ్ "భూమి గుండె చప్పుడు" అంటారే, అది పిడుగుల వల్ల నేలకీ అయనావరణానికీ మధ్య తిరిగే రేడియో తరంగం. కాంతి సెకనుకి భూమి చుట్టూ ఏడున్నర సార్లు తిరగగలదు కాబట్టి ఆ అంకె దాని దగ్గర్లో వచ్చింది. దాన్ని గంట శబ్దంగా మార్చి చెవిలో వినిపిస్తే అది శబ్దమే, భూమితో దానికి చుట్టరికం లేదు.

ఇప్పుడు పెండెంట్. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగతావి డబ్బుకే చేటు, ఇది ఒంటికి కూడా.

"స్కేలార్ ఎనర్జీ" అని ఫిజిక్స్‌లో కొలవదగ్గ శక్తి ఏదీ లేదు. కానీ అమ్మేటప్పుడు "నెగెటివ్ అయాన్ మీటర్" అని చిన్న పరికరం పెండెంట్ దగ్గర పెట్టి వేలల్లో అంకె చూపిస్తారు. ఆ అంకె చాలాసార్లు దొంగది కాదు. బ్యాటరీ లేని, కరెంటు లేని రాయి గాలిని ఎలా అయనీకరిస్తోంది, అంటే గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఎలా ఊడగొడుతోంది? రేడియోధార్మికత వల్ల. ఇలాంటి పెండెంట్లు కొన్నిటిలో థోరియం, యురేనియం ఉన్న ఖనిజపు పొడి కలుపుతారు, ముఖ్యంగా మోనజైట్. విశాఖ వాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. భీమిలి తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌లతోపాటు కొద్దిగా ఉండేది అదే. అందులో థోరియం ఉంటుంది కాబట్టే దాన్ని అణుశక్తి చట్టం కింద నియంత్రిత పదార్థంగా ఉంచారు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి పది ఉత్పత్తుల్ని పరీక్షించి, రేడియోధార్మికత ఉందని తేల్చి, వాడడం ఆపేయమని ప్రజల్ని హెచ్చరించింది. వాటిలో పెండెంట్లున్నాయి, కళ్ళకి కట్టుకునే గుడ్డ ఉంది, పిల్లల బ్రేస్‌లెట్ కూడా ఉంది. 5జీ నుంచి కాపాడతాయని అమ్మినవి అవి.

అన్నిట్లోనూ ఇది ఉంటుందని కాదు. కొన్ని వట్టి రాతిపొడి, గాజు. ఉన్నా దగ్గర పెట్టుకున్న వెంటనే ఏదో అయిపోతుందని కంగారు పడక్కర్లేదు. రాత్రీ పగలూ నెలల తరబడి చర్మానికి ఆనించి ఉంచడమే సమస్య. తీసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, పిల్లలకి అందని చోట పడగ్గదికి దూరంగా పెట్టండి. లోపల ఏముందో చూద్దామని పగలగొట్టడం, రాయి మీద అరగదీయడం అస్సలు చెయ్యకండి. ఆ పొడి ముక్కులోకి వెళ్తే బయట ఉన్నప్పటికన్నా ఎక్కువ హాని.

రేడియోధార్మికతని లెక్కించే గైగర్ కౌంటర్ ఉన్న ఫిజిక్స్ ల్యాబ్ ఏదైనా తెలిస్తే పరీక్ష ఇరవై నిమిషాల పనే, సరిగ్గా చేస్తే. కౌంటర్‌ని చెక్క బల్ల మీద పెట్టి ముందు పెండెంట్ లేకుండా పది నిమిషాలు లెక్కించాలి. తర్వాత కౌంటర్ కిటికీకి ఒక సెంటీమీటరు దూరంలో పెండెంట్ పెట్టి, అదే చోట మళ్ళీ పది నిమిషాలు. గ్రానైట్ గట్టు మీద వద్దు, గ్రానైట్‌కే కొంత రేడియోధార్మికత ఉంటుంది. అర నిమిషం చూసి తీర్పు చెప్పకూడదు, ఈ లెక్కలు వాటంతటవే ఎగుడుదిగుడుగా ఉంటాయి. లేకుండా 200, ఉంచితే 300 వచ్చాయనుకోండి. తేడా 100. రెండూ కూడితే 500, దాని వర్గమూలం సుమారు 22. తేడా అందుకు మూడు రెట్లు దాటితే, అంటే ఇక్కడ 66 దాటితే, అది యాదృచ్ఛికం కాదని తీసుకోవచ్చు. 200కి 225 వస్తే ఏమీ తేలనట్టే, ఇంకా ఎక్కువసేపు లెక్కించాలి.

చెయ్యి నొక్కి చూపించే పరీక్ష మీ అమ్మగారికీ చేసే ఉంటారు. చెయ్యి పక్కకి చాపమని కిందికి నొక్కితే పడిపోతుంది. పెండెంట్ వేసి నొక్కితే నిలుస్తుంది. ఇందులో కిటుకు మూడు చోట్ల ఉంటుంది. మణికట్టు దగ్గర నొక్కితే సులువుగా దిగుతుంది, మోచేతి వైపు జరిగితే దిగదు. కాస్త బయటికి లాగుతూ నొక్కడానికీ, ఒంటి వైపు తోస్తూ నొక్కడానికీ చాలా తేడా. పైగా రెండోసారి ఎంత బలం వస్తుందో మనకి ముందే తెలిసి ఒళ్ళు బిగబడుతుంది. నొక్కేవాళ్ళు కావాలని మోసం చెయ్యక్కర్లేదు, నమ్మకంతో చేసినా ఇలాగే వస్తుంది. అందుకే దీన్ని వాదనతో కాక గుడ్డి పరీక్షతో తేల్చాలి. ఇంట్లోనే చెయ్యొచ్చు:

ఒకే రకం చిన్న పెట్టెలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో పెండెంట్, రెండోదాంట్లో అంతే బరువుకి రూపాయి బిళ్ళలు పెట్టి, రెండింట్లోనూ దూది కుక్కండి. బరువు, చప్పుడు రెండూ తెలియకూడదు. వేరే గదిలో ఒకరు బొమ్మాబొరుసు వేసి, దాని ప్రకారం ఒక పెట్టెని గుడ్డ సంచిలో పెట్టి గుమ్మం దగ్గర వదిలి వెళ్ళిపోవాలి. వాళ్ళు పరీక్ష గదిలోకి రాకూడదు, ముఖం చూసినా తెలిసిపోతుంది. నొక్కేవారికీ, చెయ్యి చాపినవారికీ లోపల ఏముందో తెలియదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, నొక్కి, "ఉంది" లేదా "లేదు" అని కాగితం మీద రాయాలి. ఇలా పదిసార్లు, మధ్యలో రెండు నిమిషాలు చేతికి విశ్రాంతి. పదీ అయ్యాకే రెండు కాగితాలూ సరిచూడాలి.

పదికి తొమ్మిది కరెక్టయితే పాస్ అని ముందే ఒప్పుకుని రాసుకోండి. వట్టి అదృష్టంతో తొమ్మిదీ ఆపైన రావడం 1,024 సార్లలో 11 సార్లే జరుగుతుంది. ఎనిమిదికి ఒప్పుకుంటే 56 సార్లు, అంటే పద్దెనిమిది మందిలో ఒకరికి ఊరికే వచ్చేస్తుంది. ఐదారు బాగా వచ్చాక "ఇక చాలు" అని ఆపడం, బొమ్మాబొరుసు వెయ్యకుండా ఒకసారి ఇది, ఒకసారి అది అని మార్చుకుంటూ పోవడం, ఇవే పరీక్షని చెడగొట్టే మామూలు తప్పులు.

ముప్పై పేజీల రిపోర్టు. దీన్ని క్వాంటమ్ రెజొనెన్స్ ఎనలైజర్ అని అమ్ముతారు. చేతిలో పెట్టుకునే రాడ్ కొలవగలిగేది మహా అయితే చర్మపు విద్యుత్ నిరోధం, అది చెమటతో మారుతుంది. మే నెలలో విశాఖలో ఎవరికి చెమట పట్టదు? లివర్, కాల్షియం, మెదడు నరాలు అంటూ వచ్చే అంకెలన్నీ మొదట్లో మీరు చెప్పిన వయసు, బరువు, ఎత్తు ఆధారంగా సాఫ్ట్‌వేర్ నింపేవి అని అనుమానించడానికి రెండు పరీక్షలు చాలు. అదే మనిషి పావుగంట తేడాతో రెండుసార్లు రాడ్ పట్టుకుని, రెండోసారి వయసు ఇరవై ఏళ్ళు తగ్గించి చెప్పాలి. తర్వాత తడి గుడ్డ చుట్టిన రాడ్‌ని బల్ల మీద పెట్టి మనిషి లేకుండా రిపోర్టు తీయమనాలి. చేయనివ్వకపోతే అదే జవాబు అనుకోండి. షుగర్ ఎలా ఉందో తెలియాలంటే మూణ్ణెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష ఉంది, ఊళ్ళో ఏ మంచి ల్యాబ్‌లోనైనా చేస్తారు.

ఆరా ఫొటో సంగతి త్వరగా చెప్పేస్తాను. వేలిని గాజు పలక మీద పెట్టి కింద నుంచి అధిక వోల్టేజి ఇస్తే చుట్టూ గాలి అయనీకరణం చెంది ఊదా నీలం వెలుగు వస్తుంది. రూపాయి బిళ్ళ పెట్టినా వస్తుంది, ఆకు పెట్టినా వస్తుంది. తడి, ఒత్తిడి, గాలిలో తేమని బట్టి ఆకారం మారుతుంది. ధ్యానానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసి తేడా చూపిస్తారు. ఏసీ హాల్లో గంట కూర్చున్న వేలు ఆరిపోయి ఉంటుంది మరి. రెండుసార్లూ వేలిని స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, ఒకే బరువు పెట్టి నొక్కి తీయమనండి.

"మరి ష్రోడింగర్ వేదాంతం చదివాడు కదా?" చదివాడు. ఓపెన్‌హైమర్ బర్క్లీలో సంస్కృతం నేర్చుకున్నాడు, హైసెన్‌బర్గ్ 1929లో భారత్ వచ్చి టాగూర్‌ని కలిశాడు, బోర్ తన వంశచిహ్నంలో యిన్-యాంగ్ గుర్తు పెట్టుకున్నాడు. ఇవన్నీ నిజాలే, గర్వపడండి. కానీ 1926 నాటి ష్రోడింగర్ సమీకరణాన్ని ప్రపంచం ఒప్పుకున్నది ఆయన ఏం చదివాడని కాదు, హైడ్రోజన్ వర్ణపటంలో 656 నానోమీటర్ల ఎర్ర గీత ఎక్కడ రావాలో అక్కడ వచ్చింది కాబట్టి. ఇవాళ ఎలక్ట్రాన్ అయస్కాంత గుణకాన్ని లెక్కలో 2.0023193043 అని తీస్తే కొలతలోనూ అవే అంకెలు వస్తున్నాయి, ఆ తర్వాతి ఒకటి రెండు స్థానాలు కూడా కలుస్తాయి. కణాదుడి పరమాణు చింతన ఆ కాలానికి గొప్ప ఊహ. దానికి ఆ గౌరవం ఇవ్వడానికి క్వాంటమ్ ముద్ర అక్కర్లేదు. అందులోంచి ఈ అంకె ముందే తీసినవారు ఎవరూ లేరు, తీయాలని ఆయన అనుకోనూ లేదు. యూరప్‌లోని కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో నటరాజ విగ్రహం ఎందుకుందని కూడా అడుగుతుంటారు. అది 2004లో భారత ప్రభుత్వం ఇచ్చిన బహుమతి.

"ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలోనే మనోశక్తి రుజువైంది" అని ఎవరైనా అంటే, వాళ్ళు చెప్పేది 1979 నుంచి 2007 దాకా అక్కడ నడిచిన ల్యాబ్ గురించి. యాదృచ్ఛిక అంకెల యంత్రం మీద సంకల్పం అతి కొద్దిగా పనిచేస్తోందని వాళ్ళు ప్రకటించారు. వాళ్ళే మరో రెండు జర్మన్ ల్యాబులతో కలిసి మళ్ళీ చేసి 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఆ ప్రభావం తిరిగి రాలేదు. ఈ రెండో సగం ఏ శిబిరంలోనూ వినిపించదు.

అమ్మగారితో ఎలా మాట్లాడాలి. మూడింటిని విడదీయండి. ధ్యానం, ప్రాణాయామం ఒకటి. వాటివల్ల మనసు కుదుటపడుతుంది, నిద్ర పడుతుంది, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు, ఇంట్లో ఉచితంగా చేసుకోవచ్చు. ఆవిడ పూజ, భక్తి రెండోది, ఈ గొడవలోకి వాటిని అసలు లాగకండి. సింహాచలం వెళ్ళేవాళ్ళకి స్వామి మీద నమ్మకానికి ఎలక్ట్రాన్ సాక్ష్యం ఎప్పుడూ అవసరం రాలేదు. మూడోది ఈ కొనుగోలు, మందులు మానమని సలహా ఇస్తే అదీ. మీ పోట్లాట దీనితోనే. "నువ్వు మోసపోయావమ్మా" అంటే తలుపులు మూసుకుంటాయి. పెట్టెల పరీక్ష ఆవిడ చేతే బొమ్మాబొరుసు వేయించి చేయండి, ఫలితం ఆవిడే సరిచూస్తారు.

లెవెల్ 2 వాళ్ళు ఫోన్ చేస్తే ఆవిడ అడగాల్సినవి కాగితం మీద రాసివ్వండి: ఈ శక్తి ఎన్ని జూళ్ళు లేదా ఎన్ని వాట్లు? ఏ పరికరంతో కొలిచారు, అది నేను బయట కొలిపించుకోవచ్చా? ఏం జరిగితే ఇది పనిచెయ్యలేదని మీరు ఒప్పుకుంటారు? షుగర్ తగ్గుతుందని బిల్లు మీద రాసి సంతకం పెడతారా? నాలుగోదానికి సాధారణంగా "ఇది వైద్యం కాదండి, వెల్‌నెస్" అంటారు. ఆ మాటని మెసేజ్‌లో రాయించుకోండి.

డబ్బు వెనక్కి రాబట్టాలంటే ఆ మెసేజ్, బిల్లు, కరపత్రం, యూపీఐ చెల్లింపు వివరం, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. షుగర్ నయం చేస్తామన్న ప్రకటన 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టానికి విరుద్ధం, ఆ చట్టం జాబితాలో మధుమేహం ఉంది, తాయెత్తుల్లాంటివీ దాని పరిధిలోకి వస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కలెక్టరుకి కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ముందు 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, చాలా కేసులు అక్కడే రాజీ అవుతాయి. కాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఫిర్యాదుకి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వెయ్యాలి. పెండెంట్‌ని మాత్రం కోపంలో చెత్తబుట్టలో పడెయ్యకండి, కేసులో అదే సాక్ష్యం.